పార్కింగ్ బోర్డుకు టీకా తాత్పర్యము

మూలము: "వాహనములను సొంత బాధ్యతపై నిలుపుకొనవలెను. ఏ నష్టమునకును యాజమాన్యము బాధ్యత వహించదు."

టీక: వాహనములను = వాయిదాలింకను తీరని కార్లను; సొంత బాధ్యతపై = ఎవరి సొంతమో తేల్చకయే; నిలుపుకొనవలెను = రెండు స్తంభముల నడుమ ఇరికించుకొనవలెను; ఏ నష్టమునకును = గీతకు గాని, సొట్టకు గాని, దొంగతనమునకు గాని; యాజమాన్యము = రుసుము వసూలు వేళ మాత్రమే ప్రత్యక్షమగునది; బాధ్యత వహించదు = తన వ్యాజ్యమున తానే తీర్పు చెప్పుకొనినది.

తాత్పర్యము: ఈ మూలానికి కర్త ఎవరో తెలియదు గాని, మాల్‌లలోనూ ఫంక్షన్ హాళ్లలోనూ పాఠభేదాలతో కనిపిస్తూనే ఉంటుంది. చదివినవాళ్లంతా దీన్ని శాసనమనుకుంటారు. నిజానికి పూచీ ఎవరిదో తేల్చేది, నష్టం జరిగిన వేళ కారు ఎవరి చేతిలో ఉందన్న సంగతి. 1998 ఆగస్టులో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు మారుతీ జెన్‌లో వెళ్లిన ఒకరు తాళం, కారు పార్కు చేసిపెట్టే వ్యాలే కుర్రాడికిచ్చారు. పుచ్చుకున్న చీటీ మీద మన మూలం లాంటి వాక్యమే ఉంది. తిరిగొచ్చేసరికి కారు లేదు. బీమా కంపెనీ 2,80,000 రూపాయలు చెల్లించి, యజమాని హక్కును తాను పుచ్చుకుని, హోటల్ మీద ఫిర్యాదు చేసింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు బాధ్యత హోటల్‌దేనని తేల్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, పరాయి సొత్తును అప్పగింతగా పుచ్చుకున్నవాడు, వివేకం గలవాడు తన సొత్తును చూసుకునేంత జాగ్రత్తగా దాన్ని చూడాలి; తన నిర్లక్ష్యాన్ని చీటీ చాటున దాచుకోలేడు. దొంగతనానికి పట్టిన న్యాయం, వ్యాలే కుర్రాడు తెచ్చిపెట్టిన సొట్టకు పట్టకపోదు. "పార్కింగ్ ఉచితం కదా, పైసా పుచ్చుకోనివాడికి పూచీ ఏమిటి?" అని పూర్వపక్షం. ఆ సెక్షన్ అప్పగింతలన్నిటికీ ఒకే కొలత పెట్టింది, రుసుము ఉన్నా లేకున్నా.

తాళం మన జేబులోనే ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు కారును ఎవరికీ అప్పగించలేదు, చోటు వాడుకున్నామంతే. బోర్డు సగం నిజమయ్యేది ఇక్కడే. ఇక తగాదా రెండు కార్లది. ఆగి ఉన్నదాన్ని కదిలేది గుద్దితే తప్పు సాధారణంగా కదిలినదానిదే. వెనక్కి పోయేవాడు ఎవరికీ ప్రమాదం లేదని ముందు రూఢి చేసుకోవాలని, 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉండేది. అవసరానికి మించి వెనక్కి నడపరాదన్న షరతు నుంచి అందులో రోడ్డు రోలరును మినహాయించారు; మాల్‌కు రోలరులో వచ్చేవారు గమనించగలరు. "ఆగిన కారే దారికి అడ్డంగా ఉంటే?" అన్న ఆక్షేపణ సబబైనదే. అప్పుడు తప్పు ఇద్దరికీ పంచవచ్చు. రెండూ ఒకేసారి రివర్సులో వచ్చి ఢీకొన్నా అంతే.

ఇంత వాదించి గెలిచినా డబ్బు వస్తుందా అంటే, అక్కడే అసలు చిక్కు. ఎదుటివాడి థర్డ్ పార్టీ బీమా నుంచి బంపరు ఖర్చు రాబట్టాలంటే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ మెట్లెక్కాలి. బంపరు కోసం ఎక్కేవాళ్లు అరుదు. అందుకే జనం సొంత నష్టపు పాలసీనే తడతారు. గుద్దినవాడు పారిపోయినా, తప్పు మనదే అయినా అది పలుకుతుంది. అయితే ప్లాస్టిక్ భాగాలపై తరుగుదల 50 శాతం కోస్తారు. 1500 సీసీ దాకా కార్లకు తప్పనిసరి కోత మరో 1000 రూపాయలు. దీనికితోడు, క్లెయిము లేని ఏళ్లకు 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగే బోనసు పోతుంది. చిన్న గీతకు క్లెయిము వేయడమంటే, ఇతరుల తప్పును మన ప్రీమియంలోకి దత్తత తీసుకోవడమే. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ తరుగుదలను ఆపుతుంది గాని పోయిన బోనసును తేలేదు.

విశేషము: స్తంభాన్ని మనమే గుద్దితే ఏమిటన్నది మూలకారుడు చెప్పలేదు. కారుకు మన సొంత నష్టపు పాలసీ దిక్కు. స్తంభమో? ఇతరుల ఆస్తి నష్టానికి ప్రైవేటు కార్ల థర్డ్ పార్టీ పాలసీలో 7.5 లక్షల రూపాయల దాకా రక్షణ ఉంటుంది. ఆ క్లెయిములో థర్డ్ పార్టీ, ఏ బాధ్యతా వహించనన్న యాజమాన్యమే.