పసుపు మూత ట్యూబు ఆత్మకథ

కాశిబుగ్గలో ఒక చిన్న ల్యాబు. అందులో పసుపు మూత ట్యూబుని నేను. తయారైనప్పుడే నాలోని గాలి తీసేశారు. అందుకే సూది కొస నా రబ్బరు మూతలో దిగగానే రక్తం తనంతట తానే లోపలికి వస్తుంది. నా పక్కనుండేది ఊదా మూత ట్యూబు. రక్తం గడ్డకట్టకుండా దాంట్లో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. ముందు నన్ను నింపి, తర్వాతే దాన్ని నింపాలి. ఆ మందు నాలో కలిస్తే ఇనుమును పట్టేసుకుని లెక్క పాడుచేస్తుంది.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పనికి పోయే ఒకామె రక్తం ఆ రోజు నాలోకి వచ్చింది.

"మెట్లెక్కితే ఆయాసమొస్తంది చెల్లె. పోయినసారి రక్తం మంచిగనే ఉందన్నరు. మరి గీ నీరసమేంది?"

"ఈసారి సారు ఫెరిటిన్ గూడ రాసిండక్కా, చూద్దాం" అంది సూది గుచ్చే పిల్ల.

పోయినసారి చూసింది ఊదా మూతను ఒక్కదాన్నే. అది చెప్పేది హిమోగ్లోబిన్. ఈసారి కూడా 12.2 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 12. కాగితం ప్రకారం ఆమెకు ఏమీ లేదు.

పెద్దవాళ్ల ఒంట్లో ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములకు మించదు. అందులో సుమారు మూడింట రెండొంతులు ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది. మిగిలినదాంట్లో చాలావరకు కాలేయంలో, ప్లీహంలో, ఎముక మజ్జలో ఫెరిటిన్ అనే ప్రొటీన్ దాచి ఉంచుతుంది. తిండిలో ఇనుము చాలకపోయినా, నెలనెలా రక్తం ఎక్కువ పోయినా ఒళ్లు ముందు ఆ నిల్వలోంచే తీసుకుంటుంది. గాదె అడుగంటుతున్నా పొయ్యి మీద అన్నం కొన్నాళ్లు ఉడుకుతూనే ఉంటుంది కదా, హిమోగ్లోబిన్ ఆ అన్నం. గాదెలో ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. రవ్వంత ఫెరిటిన్ ఎప్పుడూ రక్తంలో తిరుగుతుంటుంది, నాలో కొలిచేది దాన్నే.

నన్ను అరగంట కదపకుండా నిలబెట్టారు. రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. గడ్డ అడుక్కి దిగింది, మధ్యలో జెల్ అడ్డుగోడలా నిలిచింది, లేత పసుపు సీరం పైకి తేలింది. మెషీన్ చెప్పిన అంకె 9. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 కన్నా తగ్గితే ఇనుము లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. సీరం ఐరన్ కూడా చూశారు గానీ, దాన్నొక్కదాన్నే నమ్మొద్దంటాను. అది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. మాత్ర వేసుకుంటే కొన్ని గంటల్లోనే ఎగబాకుతుంది.

ఫెరిటిన్‌కూ ఒక మెలిక ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బు ఉంటే నిల్వతో సంబంధం లేకుండా పెరుగుతుంది. అప్పుడు 50 వచ్చినా ధీమా పనికిరాదు. ఇన్ఫెక్షన్ ఉన్న పెద్దవాళ్లకు హద్దు 70. అందుకే ఒంట్లో అలాంటిదేమైనా ఉందేమో తెలియడానికి కొందరు డాక్టర్లు పక్కనే సీఆర్‌పీ అనే పరీక్ష కూడా రాస్తారు. కానీ 9 వచ్చిందంటే మాత్రం అనుమానానికి తావు లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. వేలు గుచ్చి తీసిన చుక్కలో హిమోగ్లోబిన్ చూసి వేసిన లెక్క అది. హిమోగ్లోబిన్ హద్దు దాటినా నిల్వ ఖాళీ అయిన ఈమెలాంటి వాళ్లు ఆ లెక్కకే ఎక్కరు. నా మనసు కలుక్కుమనేది అక్కడే. నీరసమని వచ్చిన ఆడమనిషిని "ఏం లేదు, పో" అనేముందు నన్నూ ఒకసారి అడగండి.

డాక్టరు గది ల్యాబును ఆనుకునే ఉంటుంది, మాటలు వినిపిస్తాయి.

"నెలసరి ఎన్ని రోజులుంటదమ్మా?"

"ఏడెనిమిది రోజులు సారూ. మొదటిసంది గంతే. ఎవ్వలూ అడగలే."

ఆయన కడుపు స్కాన్ రాశారు, ఐరన్ మాత్రలు రాశారు, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగొద్దన్నారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. ఆ పొద్దున మాత్ర వేసుకోకుండా రమ్మని పిల్ల చీటీ వెనక పెద్దక్షరాలతో రాసిచ్చింది.