ఏలినవారి బల్ల

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనపు బల్ల ఉంది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని విందు ఇచ్చింది ఆ ప్యాలెస్‌లోనే. దావత్ అంటే ఒట్టి తిండి కాదని పాతబస్తీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరు ఎవరికి ఎంత దూరంలో కూర్చున్నారన్నదే అక్కడ అసలు వంటకం, బిర్యానీ దాని పక్కన నంజుడు. ఏడో నిజాం దర్బారుకు వెళ్ళేవాడు అష్రఫీ నజరానా పట్టుకుని వెళ్ళేవాడు. ప్రజాస్వామ్యం వచ్చాక లెక్క తిరగబడింది. ఇప్పుడు నజరానా ఏలినవారే ఇస్తారు, వెళ్ళినవాడు తిరుగు నజరానా అయిదేళ్ళకోసారి పోలింగ్ బూత్‌లో చెల్లించుకుంటే చాలు.

ప్యాలెస్ చిన్నదైపోయింది కాబట్టి దావత్ ఎల్బీ స్టేడియానికి మారింది. తెలంగాణ వచ్చిన నాటి నుంచి క్రిస్మస్ సర్కారు పండగ. కేసీఆర్ కేకు కోశారు, ఇప్పుడు రేవంత్ రెడ్డి కోస్తున్నారు. వేదిక మీద ఫ్లెక్సీ రంగు మారింది గానీ, దైవజనుల ప్రార్థనలో ముఖ్యమంత్రి పేరు తప్ప మరో మాట మారిన దాఖలా లేదు. పేదలకు బట్టల ప్యాకెట్లు, పెద్దలకు ముందువరస పాసులు, అందరికీ భోజనం. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఉదారం. అక్కడ చంద్రన్న క్రిస్మస్ కానుక నడిచింది. తర్వాత జగన్ ప్రభుత్వం పాస్టర్లకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు యెరూషలేము యాత్రకు ఇచ్చే సాయాన్ని 40,000 నుంచి 60,000కు పెంచింది. పశువుల పాకలో పుట్టినవాడి ఊరికి వెళ్ళడానికి కూడా ఆదాయ ధ్రువపత్రం కావాలి మరి.

విందుకు పిలవడం తప్పు కాదు, వెళ్ళడమూ తప్పు కాదు. వెళ్ళినవాడు ఏం అడిగాడన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న బైబిలుకు కొత్తది కాదు. యెజెబెలు రాణి బల్ల దగ్గర భోంచేసిన ప్రవక్తల సంఖ్య 850 అని ఆ గ్రంథమే లెక్క రాసిపెట్టింది. ఆమె భర్త ఆహాబు యుద్ధానికి బయలుదేరే ముందు 400 మంది ప్రవక్తలను పిలిపిస్తే, వెళ్ళండి, గెలుపు మీదే అని నాలుగు వందల గొంతులు ఏకమయ్యాయి. సిద్కియా అనేవాడైతే ఇనుప కొమ్ములు చేయించుకుని మరీ వచ్చాడు, ఫొటోకు బాగుంటుందని కాబోలు. మీకాయా ఒక్కడు ఉన్న సంగతి చెప్పాడు. అతన్ని పిలవడానికి వెళ్ళిన బంట్రోతు దారిలోనే, అందరూ ఒకటే మాట అంటున్నారు, నువ్వూ కలిపెయ్ అని హితవు చెప్పాడట. నేటి మైనారిటీ విభాగాల ఇన్‌ఛార్జులకు మూలపురుషుడు ఆ బంట్రోతే. చివరికి సిద్కియా చేతిలో మీకాయాకు చెంపదెబ్బ దక్కింది, రాజు చేతిలో జైలు దక్కింది. రాజు మాత్రం యుద్ధం నుంచి తిరిగి రాలేదు.

వెంటనే ఎవరో ఒకరు రోమా పత్రిక 13వ అధ్యాయం తీస్తారు. అధికారులకు లోబడమని పౌలే రాశాడు కదా అంటారు. రాశాడు, అదీ నీరో ఏలుబడిలో. పన్ను కట్టమన్నాడు, గౌరవించమన్నాడు. శాలువా కప్పమనలేదు, ఫలానా నాయకుడు దేవుడు ఎన్నుకున్న పాత్ర అని ఎన్నికల వారంలో ప్రకటించమనలేదు. అదే పౌలు ఫిలిప్పీలో ఏం చేశాడో చూడండి. అక్కడి అధికారులు అతన్ని విచారణ లేకుండా కొట్టి జైల్లో వేశారు. తెల్లారేసరికి తప్పు తెలిసివచ్చి, గప్‌చుప్‌గా వెళ్ళిపొమ్మని కబురు పెట్టారు. మన పెద్దలెవరైనా అయితే ప్రభుత్వ పెద్దల ఉదార హృదయానికి కృతజ్ఞతా కూడిక పెట్టేవారు. పౌలు మాత్రం, మేము రోమా పౌరులం, బాహాటంగా కొట్టారు కాబట్టి వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అని కూర్చున్నాడు. వాళ్ళు వచ్చారు, బతిమాలుకున్నారు. లోబడటమంటే ఏమిటో రాసిన మనిషే చేసి కూడా చూపించాడు, మనం రాసింది కంఠస్థం చేసి చేసింది వదిలేశాం.

ఇక ఏం అడగాలన్నది. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. హిందువు కానివాడిని షెడ్యూల్డ్ కులస్థుడిగా పరిగణించరాదన్నది దాని సారం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చారు. దళిత క్రైస్తవుడు ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా ఎత్తేయమంది. 2022లో అదే విషయం పరిశీలించడానికి బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈలోగా తెలుగు నేల మీద దళితుడు బాప్తిస్మం తీసుకుంటే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. మాలపల్లెలో పుట్టినవాడిని ఊరు ఏ పేరుతో పిలుస్తుందో బాప్తిస్మపు తొట్టిని అడిగి తెలుసుకోదు. తహసీల్దారు మాత్రం అడుగుతాడు. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతమే తేలారు. ఏ పల్లెలో ప్రార్థన మందిరం చూసినవాడికైనా ఆ అంకె మీద నవ్వొస్తుంది. విందు పాసు మీద క్రైస్తవుడు, కులం కాగితం మీద హిందువు. రెండూ ఇచ్చేది ఒకే సర్కారు.

అది ఢిల్లీ పని, ముఖ్యమంత్రి చేతిలో ఏముందంటారు. నిజమే, పార్లమెంటు పనే. కానీ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ మార్పు కోరుతూ తీర్మానం చేసింది. చేతిలో ఏమీ లేనివాళ్ళు చేయగలిగింది కూడా కొంత ఉందని దాన్నిబట్టి తెలుస్తోంది. మరో వాదన ఇంతకన్నా బరువైనది. మేం పిడికెడు మందిమి, మణిపూర్ హింస చూశాక భయం లేదంటే అబద్ధం, పాలకుడి పక్కన దిగిన ఫొటో ఒకటి గోడ మీద ఉంటే రేపు ఎస్సై ముందు పనికొస్తుంది అంటారు. ఈ భయాన్ని ఎగతాళి చేయను. అయితే ఆ ఫొటో కాపలా కాసేది పాస్టరు గారి గోడనే. పాసు దొరకని సంఘానికి ఎస్సై దగ్గర ఉన్నది రాజ్యాంగం ఒక్కటే, దాన్ని వాడకుండా ఉంచితే తుప్పు పడుతుంది.

ఈ బేరం ఇంతకు ముందూ వచ్చింది. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా ఉన్న అజరయ్య, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని ఇంగ్లీషు దొరలు ముందుకొస్తే, సంఘం రాజకీయ వర్గమైపోతుందని ఆయన వద్దన్నాడు. ఊరికే ఇస్తామన్నా వద్దన్న బిషప్ అంటే ఈనాటివాళ్ళకు కట్టుకథలా ఉండొచ్చు. విందుతో పనిలేకుండా పని చేసినవాళ్ళూ ఉన్నారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌కు ఇవతల, పాతబస్తీ సుల్తాన్‌షాహీలో క్రైస్తవ సంస్థ హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ అమన్ శాంతి పేరుతో కేంద్రం నడిపింది. మతకల్లోలాలు చూసిన గల్లీల్లో హిందూ, ముస్లిం ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టే పని అది. అక్కడ కేకు కోసిన ముఖ్యమంత్రి ఉన్నట్టు నేను వినలేదు.

రాజు బల్ల దగ్గర నిలబడి సరిగ్గా అడిగినవాడు బైబిల్లో నెహెమ్యా. ద్రాక్షారసం అందించే కొలువు అతనిది. మొహం ఎందుకు వాడిందని రాజు అడగ్గానే, మా పట్టణం పాడుబడి ఉంది, కట్టుకోనివ్వండి అన్నాడు. అధికారులకు ఉత్తరాలు రాయించుకున్నాడు, రాజు అడవి నుంచి కలప కూడా రాయించుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే, విందు నుంచి రెండు జీవోలతో బయటికొచ్చాడు. ఈ డిసెంబరులోనూ ఎల్బీ స్టేడియంలో కుర్చీలు వేస్తారు. పాసుల జాబితాలో మూడో పేరా పేరు ఇంకా ఎక్కలేదు.