మీట నొక్కితే పూర్ణాంగీకారం

మౌనం అర్ధాంగీకారమన్న పాత లెక్కను సవరించి, చదవని పత్రం కింద నొక్కిన మీటను పూర్ణాంగీకారంగా జమకట్టుకునే విద్యలో ఆన్‌లైన్ సేవలు ఆరితేరాయి. ఆ పత్రమే ప్రైవసీ పాలసీ, అనగా వినియోగదారుల సమాచారాన్ని ఏమేమి చేయదలచిందో సంస్థ చెప్పుకునే ప్రకటన. అది రహస్యమేమీ కాదు గానీ, ఆద్యంతం చదివినవారు కనిపించడమే అరుదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చగా, ఆరేళ్లకు వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచారం సేకరించే సంస్థకు ‘డేటా ఫిడూషియరీ’, అనగా నమ్మి అప్పగించిన సొత్తును కాపాడే ధర్మకర్త, అన్న బిరుదు ప్రసాదించింది. దేవుని మాన్యాల చరిత్ర ఎరిగిన తెలుగువారికి ధర్మకర్త అన్న మాట వినగానే కలిగే ధైర్యం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

దూరవైద్యం అందించే యాప్ రోగి ఫోన్‌లోని పరిచయాల జాబితాను కూడా కోరితే, రోగి సరేనన్నప్పటికీ ఆ సమ్మతి వైద్యానికే పరిమితమని చట్టమే ఉదాహరించింది. నాడి చూడటానికి బావమరిది నంబరెందుకన్న సందేహం పార్లమెంటుకూ కలిగిందన్నమాట. సమ్మతి ఇచ్చినంత సులువుగా దాని ఉపసంహరణా ఉండాలని అందులోనే ఉన్నా, ఇచ్చే మీట గుమ్మడికాయంత, వెనక్కు తీసుకునేది ఆవగింజంత ఉండటం ఆనవాయితీ. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉండగా, పనికిమాలిన ఫిర్యాదు చేసిన వినియోగదారునికీ 10,000 రూపాయల వరకు ఉన్నది; కనుక సమాచారం పోగొట్టుకున్నవారు ఫిర్యాదు రాసేముందు, అది పనికివచ్చేదో కాదో ధర్మకర్తనే అడిగి తెలుసుకోవడం క్షేమం.