తెర మీద 94

చెబుతున్నది పల్స్ ఆక్సీమీటర్. తన గురించి కూడా ‘ఇది’ అనే చెప్పుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఇంకొకరి సంగతి చెప్పడమే దీని పని.

దీని పుట్టిల్లు జపాన్. నిహోన్ కోహ్డెన్ సంస్థలో ఇంజినీరు తకువో అవోయాగి 1974లో దీని సూత్రాన్ని లోకానికి చూపారు. సూది గుచ్చక్కర్లేదు. వేలిలోకి ఎర్ర కాంతి, పరారుణ కాంతి పంపుతుంది. ఆక్సిజన్ నిండిన రక్తం మొదటిదాన్ని తక్కువగా, రెండోదాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అవతలికి చేరిన వెలుతురును బట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతమో అంకెలో చూపిస్తుంది.

చిక్కంతా ఆ దారిలోనే ఉంది. వెలుతురు చర్మాన్నీ దాటాలి, అక్కడి మెలనిన్ కూడా దాన్ని పీల్చుకుంటుంది. నల్లజాతి రోగుల్లో దీని కొలతను అంతగా నమ్మలేమని 1990లోనే ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఆ మాట ముప్ఫై ఏళ్లు వైద్య పత్రికల్లోనే ఉండిపోయింది.

2020 ఆగస్టులో ఎంఐటీ మానవశాస్త్రవేత్త అమీ మోరాన్-థామస్ ఆ సంగతిని మళ్లీ తవ్వి తీశారు. డిసెంబరులో మిషిగన్ వైద్యులు వేలి కొలతనూ ధమని రక్తపు కొలతనూ పక్కపక్కన పెట్టి చూశారు. తెర మీద 92 నుంచి 96 వరకు కనిపిస్తున్నా రక్తంలో నిజానికి 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం.

మరి ఇన్నేళ్లూ ఎవరూ ఫిర్యాదు రాయలేదా? మందు మారితే తెలుస్తుంది, రోగి మంచం మీంచి పడితే తెలుస్తుంది. తెర మీద 94 వెలుగుతుంటే నర్సుకు అనుమానం ఎందుకొస్తుంది? రోగి ఆయాసంగా ఉందన్నా, అంకె బాగానే ఉందని ధైర్యం చెబుతారు. అలా ఫిర్యాదు ఫారాలు రాలేదు. ఫారాలు లేవు గనుక హాని లేదనుకున్నారు. ఈ ఆక్సీమీటర్‌ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. జరిగిన హాని ఏ ఒంటిరంగు వారికి ఎంతెంత అని విడదీసి వెతికితేనే ఇలాంటిది బయటపడుతుంది.

కొవిడ్ రోజుల్లో తెలుగు ఇళ్లలోనూ 94 ఒక గీత అయింది. ఆసుపత్రికి వెళ్లాలా, ఇంట్లో ఉండాలా అన్నది ఆ అంకె తేల్చేది. ఆసియా మూలాల రోగుల్లోనూ ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిందని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2022లో తేల్చారు. ఇక్కడా ఫిర్యాదు రాసే దారి ఉంది: వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం భారత్‌లో 2015 నుంచీ ఉంది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో అడిగింది, ఇలాంటి పరికరాల పరీక్షకు నల్లని చర్మం ఉన్నవారు కనీసం ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం. 2025 జనవరి ముసాయిదాలో 150 మందికి తగ్గకుండా, అన్ని ఛాయల వారినీ పరీక్షించమంది. అంతకు ముందు తయారైన ఆక్సీమీటర్ క్లిప్పులు ఇంకా వార్డుల్లో, ఇళ్లలోని మందుల డబ్బాల్లో ఉన్నాయి.