ట్యాబ్ కొనబోయే భిలాయి తెలుగువారికి నా సలహాలు

మనవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఈ ఉక్కు ఊళ్లో నైట్ షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించారు. ఇప్పుడు అంత కష్టం అక్కర్లేదు. ఒక చవక ట్యాబ్ కొనిపడేస్తే చాలు.

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడండి. సుపేలా బజారులో పావుకిలో వంకాయల్ని తిప్పి తిప్పి చూస్తాం, పుచ్చులేమోనని. ట్యాబ్ దగ్గర అంత నీచానికి దిగకండి. ర్యామెంత, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది అని అడిగితే దుకాణదారు నొచ్చుకుంటాడు.

ఈ దారి వేసిన మహానుభావుడు 'ఆకాశ్' ట్యాబ్. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీది, బిగించింది హైదరాబాద్‌లో. సర్కారుకు పడిన ధర దాదాపు 2,276 రూపాయలు. లోపల 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. తెర తాకితే పలకదు, నొక్కాలి. కిట్టనివాళ్లు దాన్ని లోపమన్నారు. నేను వేళ్లకు వ్యాయామమంటాను. పేజీ తెరుచుకునేలోగా పదమూడో ఎక్కం అప్పజెప్పుకోవచ్చు కూడా! మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ర్యామ్ రెట్టింపైంది, తెర తాకితే పలికింది. అలాంటి సుఖాలు పిల్లలకు అలవాటు చేయకండి. పాత మోడలే అడిగి తెచ్చుకోండి.

పాఠాలు ముందే ఎక్కించి ఉన్న ట్యాబ్ ఎవరైనా ఇస్తానన్నా తీసుకోవద్దు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. నెట్ లేకపోయినా పాఠం నడుస్తుందంటే పిల్లాడికి సాకు ఏం మిగులుతుంది, పాపం? సిగ్నల్ కోసం మేడెక్కి, దిగి, మళ్లీ ఎక్కాలి. కరోనాకు బళ్లు మూతపడిన 2020 ఏప్రిల్‌లో మన ఛత్తీస్‌గఢ్ సర్కారు ఆన్‌లైన్ పాఠాలకని 'పఢయీ తుంహర్ దుఆర్' మొదలుపెట్టింది. అంటే చదువు మీ గుమ్మంలోకి అని. గుమ్మం దాకా వచ్చిన చదువు లోపలికి రావాలంటే ఇంట్లో ఒక ఫోనైనా ఉండాలి కదా. మా ఇంట్లో ఉన్న ఒక్కటీ నాతో డ్యూటీకి వచ్చేసేది.

ఇంటికి తెచ్చాక పసుపు కుంకుమ పెట్టి, తెర మీది ప్లాస్టిక్ తీయకుండా బీరువాలో పెట్టండి. ఛార్జరు మాత్రం ఇంటిల్లిపాదికీ ఉమ్మడి. ట్యాబ్ పిల్లాడి చేతికిచ్చిన రోజున మీరు పక్క గదిలోకి వెళ్లి సీరియల్ చూడండి. పక్కన కూర్చుని "ఇవాళ ఏం చెప్పారురా?" అని అడిగారో, మీ బండారం బయటపడుతుంది. వాడి చదువు హిందీలో, వాళ్లమ్మ అక్షరాలు తెలుగులో. మా ఆవిడ ఒకసారి పొరపాటున అడిగింది. వాడు భిన్నాలు చెప్పడం మొదలుపెట్టాడు. దోసెను నాలుగు ముక్కలు చేసి ఆవిడే వాడికి తెలుగులో నేర్పేసింది. ఆ పూట ట్యాబ్ తెరవనే లేదు. డబ్బు దండగ!

బిల్లు పారేయండి, పెట్టె దాచండి. మా ట్యాబ్ రెండేళ్లకే కన్నుమూసింది. పెట్టె నిక్షేపంలా ఉంది. గ్యాస్ రశీదులన్నీ అందులోనే పెడుతున్నాం.