తిరుగుటపా వాక్యం: టీకా, తాత్పర్యం

మూలం: "అన్‌డెలివర్డ్ మెయిల్ రిటర్న్‌డ్ టు సెండర్"

సందర్భం: వక్త మెయిలర్ డీమన్, అనగా ఉత్తరాల బట్వాడా చూసే కంప్యూటరులోని అదృశ్య సేవకుడు. శ్రోత, తమిళనాడులోని ధర్మపురిలో ఇంట తెలుగు, అంగట తమిళం, ఉత్తరాల్లో ఇంగ్లీషు వాడుతూ, దూరదేశపు కొనుగోలుదార్లకు మామిడి గుజ్జు ధరలు తెలుపుకొనే ఏ వర్తకుడైనా కావచ్చు. తాను పంపని ఉత్తరాలు రాత్రికి రాత్రి వందలుగా తిరిగి రాగా అతడు విస్మయం చెందుట ఘట్టం.

ప్రతిపదార్థం: అన్‌డెలివర్డ్ = చేరవలసిన చోటికి చేరని; మెయిల్ = ఉత్తరము; రిటర్న్‌డ్ = మరలింపబడినది; టు సెండర్ = పంపినవానికి.

తాత్పర్యం: పంపనివానికి ఉత్తరం తిరిగి వచ్చినదని భావము.

వ్యాఖ్య: ప్రతిపదార్థానికీ తాత్పర్యానికీ ఇంతటి వైరుధ్యం ఎట్లు పొసగునంటే, దానికి మూలం 1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే నిబంధన పత్రంలో ఉన్నది. ఈమెయిల్ రవాణాకు సూత్రగ్రంథమైన ఆ పత్రం ప్రకారం, 'మెయిల్ ఫ్రమ్' అనే ఆజ్ఞ వెంట ఏ చిరునామా చెప్పినా యంత్రం స్వీకరిస్తుందే తప్ప రుజువు అడగదు. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకులు వాడుకున్న కాలంలో అది లోపంగా తోచనూ లేదు. స్పామర్, అనగా ఎవరూ కోరని ప్రకటనలను లక్షలుగా వెదజల్లేవాడు, తిట్లూ తిరుగుటపాలూ తనను చేరకుండా ఆ చోట వర్తకుని చిరునామా ఉంచుతాడు. భోజనం ఒకడు చేసి పద్దు మరొకని పేర రాయించిన చందమిది. ఇట్లు వచ్చిపడే వెల్లువకు బ్యాక్‌స్కాటర్ అని శాస్త్రవ్యవహారం.

పూర్వపక్షం: పాస్‌వర్డు దొంగల పాలైనదనీ, ఖాతా మూసివేయుటే మందనీ కొందరు. అది సాధువు కాదు. చిరునామా వాడుటకు తాళంచెవితో పనిలేదని పైన తేలినది. అయినను లాగిన్ చరిత్ర చూసి, పాస్‌వర్డు మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొనుటలో నష్టం లేదు. తిట్టిన అపరిచితులందరికీ క్షమాపణ రాయబూనుట మాత్రం వెర్రి; అది మరికొన్ని వందల అయాచిత ఉత్తరాలను తానే పుట్టించుట.

పరిహారం: సొంత డొమైను గల వర్తకునికి మూడు రక్షలున్నవి. ఆ పేర ఉత్తరం పంపదగిన యంత్రాలేవో చాటే జాబితా ఎస్‌పీఎఫ్. ఉత్తరంపై గణితముద్ర వేసేది డీకిమ్. కనిపించే 'ఫ్రమ్' చిరునామాతో ఈ రెంటిలో ఏ ఒక్కటీ పొసగనిచో ఉత్తరాన్ని ఏమి చేయాలో అవతలి యంత్రానికి చెప్పేది డీమార్క్. 'నన్' అని రాసి వదిలేసిన డీమార్క్ నివేదికలు తెప్పించుటకే పనికివస్తుంది, కాపలా కాయదు. 'రిజెక్ట్' అన్నదే అసలు ఆజ్ఞ. జీమెయిల్ చిరునామాతో వ్యాపారం చేసేవానికి ఈ మీటలేవీ చేతిలో ఉండవు, వెల్లువ తీసేదాకా ఓర్చుకొనవలసిందే.

విశేషం: ఉత్తరం పుట్టుచోటు విషయమై గ్రహీతను మోసగించుటను సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ మూడవ ఖండం పేరెత్తి నేరమన్నది. అదే సెక్షన్ వాక్స్వాతంత్ర్యాన్ని నొక్కుతున్నదని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం దానిని పూర్తిగా కొట్టివేసింది. తీర్పు సబబే, కలుపుతోపాటు ఈ ఒక్క మొక్కా పోయింది. విచిత్రమేమంటే డీమార్క్ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 7489, వెలువడినదీ ఆ మార్చిలోనే. మారుపేరుతో మోసగిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 66డీ ఇంకా ఉన్నది. వర్తకుని పేర ఎవరైనా కొనుగోలుదారు నుంచి సొమ్ము రాబట్టినచో అదీ, సైబరు మోసాలపై ఫిర్యాదు చేసే 1930 ఫోను నంబరూ అక్కరకు వస్తాయి.

శంక: మెయిలర్ డీమన్ నుంచి వచ్చేవన్నీ చూడకుండానే చెత్తబుట్టకు పంపే నియమం పెట్టవచ్చునా?

సమాధానం: కూడదు. నిజంగా పంపి, చిరునామాలో అక్షరం తప్పి చేరని ఇన్వాయిస్ కూడా ఆ దారినే వస్తుంది. వేరే సంచిలోకి మళ్లించి, వెనక జతపడిన ఉత్తరం తనదో కాదో వారానికొకసారి చూసుకొనుట మేలు.