కారు లేని చోట తారు లేదు

‘అక్కడ ట్రాఫిక్ లేని దారి ఉందండీ, హాయిగా సైకిలేసుకుని వెళ్ళి రండి’ అని ఎవరైనా అంటే ఈమధ్య నాకు ఒళ్ళు మండిపోతోంది. ట్రాఫిక్ లేదన్నది నిజమే. దారి అన్నదే అబద్ధం.

సన్న టైర్ల సైకిల్ తొక్కేవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు, తొక్కనివాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు. బొటనవేలంత టైరు, అందులో వేలితో నొక్కితే నొక్కు పడనంత గాలి, సగం జీతం మింగిన ఫ్రేము. ఇంత హంగూ దేనికయ్యా అంటే నున్నటి తారు మీద జారిపోవడానికి. నాకు దొరికేది మాత్రం కంకర.

నేనుండేది జిండెల్ఫింగెన్‌లో. కార్లు లేని చోటు వెతుక్కోవడానికి ఇంతకంటే అన్యాయమైన ఊరు జర్మనీలో ఉండదేమో. 1915లో డైమ్లర్ వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీ ఇక్కడుంది. ఎస్-క్లాస్ బెంజి పుట్టిల్లు ఇదే. ఆ కార్ల పుణ్యమా అని వచ్చిన పన్నులతో ఊరు ఒకప్పుడు ఎంత బలిసిందంటే, జనం రోడ్డు దాటేచోట జీబ్రా చారలు ఇటలీ నుంచి తెచ్చిన కరారా పాలరాయితో వేయించారు. నడిచేవాళ్ళ కాళ్ళ కింద పాలరాయి, కార్ల కింద మెత్తటి తారు. మధ్యలో మేం దొరికాం.

‘షోన్‌బుఖ్ ఉందిగా!’ అంటారు అందరూ, అదేదో నా కోసం కొన్నట్టు. ఉంది. బోబ్లింగెన్ దాటి హోల్జ్‌గెర్లింగెన్ మీదుగా దక్షిణానికి పోతే మొదలవుతుంది, 156 చదరపు కిలోమీటర్ల అడవి. ఒకప్పుడు వుర్టెంబర్గ్ రాజుల వేటస్థలం. తర్వాత ఎప్పుడో అక్కడ పెద్ద విమానాశ్రయం కడదామని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. జనం ఒప్పుకోలేదు. చివరికి 1972లో దాన్ని నేచర్ పార్కుగా ప్రకటించారు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మొదటిది. ఆ రోజుల్లో అడ్డం తిరిగినవాళ్ళందరికీ రెండు చేతులా దణ్ణం పెడతాను. కాకపోతే ఒక్కమాట. కాంక్రీటు పోస్తామంటూ వచ్చినవాళ్ళని తరిమేముందు, ఓ మూడు మీటర్ల వెడల్పున తారు పోయించుకుని మరీ తరమాల్సింది.

కొండల సంగతంటారా, అందులో అన్నిటికంటే ఎత్తైన బ్రోంబెర్గ్ 583 మీటర్లు. మా ఊరే 450 మీటర్ల ఎత్తున కూర్చుని ఉంది. తిరుమల మెట్లెక్కినవాళ్ళు దీన్ని కొండంటే నవ్వుతారు. కానీ అడవి నిండా లోయలు. దిగిన ప్రతి చోటా మళ్ళీ ఎక్కాలి. ఎక్కుతూ నేను రొప్పుతుంటే డెబ్బయ్యేళ్ళ మామ్మగారు కరెంటు సైకిల్ మీద, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా, పక్కనుంచి వెళ్ళిపోతారు. ఇరవయ్యయిదు కిలోమీటర్ల వేగం దాటితే మోటారు సాయం ఆగిపోవాలని చట్టం. ఆవిడకది అడ్డే కాదు, నాకు అందని ద్రాక్ష.

అడవి మొదట్లో ఎర్ర గుండ్రం బోర్డు ఉంటుంది, లోపల కారు బొమ్మ, మోటార్‌సైకిల్ బొమ్మ. చూడగానే ప్రాణం లేచొస్తుంది. దాని కింద తెల్ల పలక: వ్యవసాయ, అటవీ వాహనాలకు మాత్రం అనుమతి. అంటే ట్రాఫిక్ లేదు, లారీ ఉంది. దుంగలు మోసుకుపోయే ఆ లారీ చక్రాల కింద కంకర లేచి, బురద గట్టిపడి, దాని మీద బెరడు ముక్కలు పరుచుకుని ఉంటాయి. సరే, పక్కన సన్నటి కాలిబాట నున్నగా ఉందికదా అని అటు తిప్పుదామంటే దానికీ రాష్ట్రం ఓ చట్టం చేసిపెట్టింది. అడవిలో రెండు మీటర్ల కంటే సన్నటి బాట మీద సైకిల్ తొక్కకూడదు. టేపు పెట్టి కొలిచే మనిషి నాకింతవరకూ తగల్లేదుగానీ, ఈ దేశంలో తగలడని మాత్రం చెప్పలేను.

ఇక గంట. ఈ గంట గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జర్మనీలో సైకిల్‌కి గంట చట్టప్రకారం తప్పనిసరి. ఖణీమని మోగే గంట ఉండాలి, ఇంకే రకం హారనూ పనికిరాదు. మనూళ్ళో ఐస్‌క్రీం బండివాడు నొక్కే రబ్బరు బుడ్డి హారన్ ఇక్కడ నేరం. ఇంత పట్టుదలగా పెట్టించిన గంటని మోగించాలా వద్దా అన్నది మాత్రం జనంలో ఇంకా తేలలేదు. మనవైపు గంట కొట్టడం ఓ పలకరింపు. పాలవాడొచ్చాడు, పోస్టొచ్చింది, అల్లుడుగారు వీధి మలుపు తిరిగారు, అన్నీ గంటలోనే తెలిసేవి. ఇక్కడ గంట కొడితే తిట్టినట్టు.

చేతికర్రలు ఊపుకుంటూ నడిచే దంపతులు ముందు పోతుంటారనుకోండి. దూరం నుంచే మర్యాదగా ఒక్కసారి ‘ట్రింగ్’ అంటాను. వినపడదు. దగ్గరికొచ్చి మళ్ళీ అంటాను. ఇద్దరూ ఉలిక్కిపడతారు. ఆయన కుడికి గెంతుతాడు, ఆవిడ ఎడమకి గెంతుతుంది. ఆయన లేని ఎడమవైపు ఆవిడకి, ఆవిడ లేని కుడివైపు ఆయనకి నచ్చక ఇద్దరూ ఒకేసారి అటూ ఇటూ మారతారు. కుక్క మాత్రం దారి నడిమధ్యన కూర్చుని నన్నే చూస్తూ ఉంటుంది. దాని పట్టీ ఒక చివర ఆయన చేతిలో, రెండో చివర దాని మెడలో, మధ్యలో నా మెడకి సరిపడా ఎత్తులో దారికి అడ్డంగా. ‘ఏం, కళ్ళు లేవా? గంటెందుకు?’ అంటాడాయన. మలుపు తిరిగాక ఇంకో ఆవిడ. ఈసారి బుద్ధి తెచ్చుకుని గంట ముట్టుకోకుండా, నెమ్మదిగా, పక్కనుంచి జారుకుంటాను. ‘గంట ఉంది కదండీ! కొట్టొచ్చుగా!’

దగ్గి చూశాను. జబ్బు మనిషనుకుని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ‘గుటెన్ మోర్గెన్’ అని కేకేశాను. ఎవరో తెలిసినవాడనుకుని ఆగిపోయారు, నాతో మాట్లాడ్డానికి, దారికి అడ్డంగా. వెనకచక్రం హబ్బు టకటకమని గట్టిగా చప్పుడు చేసేది కొనుక్కుంటే తొక్కడం ఆపగానే అదే మోగుతుందని ఓ స్నేహితుడు సలహా ఇచ్చాడు. అంటే గంట కొట్టకుండా ఉండడానికి గంట కంటే వందరెట్లు ఖరీదైన గంట కొనడమన్నమాట. ఒకసారి పాత పాటేదో కూనిరాగం తీస్తూ వెళ్ళాను. అదొక్కటే పనిచేసింది. దంపతులిద్దరూ ఒకేవైపుకి, కుక్కతో సహా, చాలా దూరంగా తప్పుకున్నారు. తిట్టకపోతే మెచ్చుకున్నట్టే అని ఇక్కడి స్వాబియన్లలో ఓ సామెత ఉంది. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

మళ్ళీ తారు దగ్గరికొద్దాం.

ఎక్కడ కారు పోదో అక్కడ తారు పొయ్యరు, అంతే విషయం. హెరెన్‌బెర్గ్ అవతల పొలాల మధ్య సన్నటి తారు బాటలున్నాయి, కార్లు రావు, కానీ అవి ట్రాక్టరు కోసం పోసినవి. పైగా మెరకన్నది లేదు. స్టుట్‌గార్ట్ వైపు అడవిలోంచి 2019లో సైకిల్ హైవే తెరిచారు, రాష్ట్రంలోనే మొదటిదట. బ్రహ్మాండంగా ఉంటుంది, కాళ్ళు వేడెక్కేలోపు అయిపోతుంది. బ్లాక్ ఫారెస్టులో కొండ ఉంది, తారు ఉంది, ఆదివారమైతే ఆ తారు మీద మోటార్‌సైకిళ్ళ ఊరేగింపూ ఉంది. కొండ, తారు, నిశ్శబ్దం మూడూ ఒక్కచోట కావాలంటే ఇటలీలో స్టెల్వియో నేషనల్ పార్కుకి పోవాలి. ఒకే వైపున 48 హెయిర్‌పిన్ మలుపులు, 2757 మీటర్ల కనుమ. ఏడాదికి ఒక్కరోజు కార్లనాపేసి సైకిళ్ళకి వదులుతారు. ఆ ఒక్కరోజూ అద్దెకిచ్చినట్టే. పైగా మా ఊరినుంచి అక్కడికి సైకిల్ తీసుకెళ్ళాలంటే కారులోనే తీసుకెళ్ళాలి.

అసలు ఈ గొడవంతా మా రాష్ట్రంలోనే మొదలైంది. 1817 జూన్‌లో మాన్‌హైమ్‌లో కార్ల్ ద్రైస్ అనే ఆయన రెండు చక్రాల చెక్కబండి మీద కాళ్ళతో నేలని తన్నుకుంటూ ఊరేగాడు. సైకిల్‌కి ముత్తాత అదే. అదే ఊళ్ళో కార్ల్ బెంజ్ 1886లో కారుకి పేటెంటు తీసుకున్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడుచక్రాల సైకిల్ కోసం చేసిపెట్టిన గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఏడాదే మా వైపు బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, మొగుడికి చెప్పకుండా, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా కారు నడుపుకుంటూ పోయింది. పిల్లల ముచ్చట తీర్చబోతే లోకానికి ఏమేం చుట్టుకుంటాయో చూడండి. ఇంతకీ మంచి రోడ్లు వెయ్యండి బాబోయ్ అని అమెరికాలో మొదట గోలపెట్టింది సైకిళ్ళవాళ్ళే, 1880లలోనే, అక్కడ ఇంకా కార్లు తిరగనప్పుడు. గోల మాది, రోడ్డు వాళ్ళది.

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి ఇదంతా ఫోనులో చెప్పుకుని ఏడ్చాను.

‘జర్మనీలో ఉండి ఏడుపేంటి బావా? మాకిక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు సైకిల్ ట్రాకు. పైన సోలార్ కప్పు. నీడకి నీడ, కరెంటుకి కరెంటు!’

‘నువ్వెన్నిసార్లు తొక్కావురా?’

‘అక్కడిదాకా పోవాలంటే ట్రాఫిక్ బావా.’

2023లో తెరిచినప్పుడు నేనూ చూశాను ఫోటోలు. అసూయ పడే తారు. అటూ ఇటూ కార్లు పోయే మహారహదారిని ఆనుకుని ఉంది కాబట్టే ఆ తారు, ఆ కప్పు. నా సిద్ధాంతం అక్కడా నెగ్గింది, నేనే ఓడిపోయాను.

ఎవర్ని తిట్టాలో కూడా తెలియడం లేదు. నేను తినే అన్నం కార్లది. పొద్దున్నించి సాయంత్రం దాకా కారులోని ఓ మూల భాగం గురించి ఆలోచిస్తే నెలకి జీతం వస్తుంది. ఆదివారం షోన్‌బుఖ్ అంచున పార్కింగ్ చూడండి, ప్రతి కారు వెనకా రెండేసి సైకిళ్ళు, కార్లు లేని చోటికి కార్లలో వచ్చినవాళ్ళం. ఖాళీ కోసం తిరుగుతుంటే వెనకనుంచి హారన్ కొడతారు. అక్కడ దానికి మాత్రం ఎవరూ ఏమనుకోరు.

మా నాన్నగారు ఉద్యోగమంతా సైకిల్ మీదే బడికెళ్ళి పాఠాలు చెప్పొచ్చారు. ఆయనకి రూటు లేదు, బడి ఉంది. ఊరికే తొక్కి రావడమన్న ఊహే ఆయనకి తట్టి ఉండదు. ఇప్పుడా రోడ్డు నాలుగు వరసలు చేశారు, మధ్యలో డివైడరు, తారు నాకు కలలోకొచ్చేటంత నున్నన. పోయిన సెలవుల్లో దాని పక్కన టీ తాగుతూ చూశాను. సైకిల్ మీద కనబడింది రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, కూరగాయల బుట్టలవాళ్ళు. లారీ హారన్ వినబడగానే వాళ్ళు వెనక్కి కూడా చూడకుండా అంచు దిగి మట్టిలోకి పోయేవాళ్ళు, అలవాటుగా. వాళ్ళ కోసం ఎవరూ దారి వెతకడం లేదు. వెతికే తీరిక ఉన్నవాణ్ణి నేను, కాస్త కంకర ఉందని ఇన్ని పేజీలు ఏడ్చాను.

అయినా కంకర కంకరే.

మొన్న సైకిళ్ళ కొట్టువాణ్ణి అడిగాను, లావు టైర్లు వేస్తే సరిపోతుందా అని. ముందు చక్రం ఎత్తి, కళ్ళజోడు సవరించుకుని, వేలు దూర్చి చూశాడు. ఫోర్కులో పట్టదన్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఫ్రేములోనూ పట్టదన్నాడు. కంకర మీద పోవడానికనే వేరే సైకిల్ వస్తుందట, గ్రావెల్ బైక్, గోడకి వేలాడుతున్నది చూపించాడు. ధర చీటీ నావైపు కాకుండా గోడవైపు తిరిగి ఉంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి మెల్లిగా విషయం చెప్పాను. వింటూనే ఉంది, బెండకాయలు తరుగుతూ.

‘సెల్లార్లో పట్టదు’ అంది.